హీబ్రూలో మకాఫ్ ఎప్పుడు పెట్టాలి? మామూలు హైఫన్ సరిపోదా?

ప్రశ్న: వలిపుట

తెలుగువాళ్ల కోసం హీబ్రూ పాఠాలు వర్డ్‌లో టైప్ అవుతున్నాయి. అవే తర్వాత వెబ్ పేజీలుగా వెళ్తాయి. పాఠాల్లో బైబిల్ వచనాలు ఉన్నాయి, నేటి హీబ్రూ వాక్యాలు కూడా ఉన్నాయి. రెండు పదాలను కలిపే చోట కొందరు కీబోర్డు హైఫన్ పెట్టారు, కొందరు అక్షరాల పైఅంచుకు ఆనుకునే హీబ్రూ గీత, మకాఫ్ పెట్టారు. ఎడిట్ చేసేటప్పుడు ఈ చిక్కులు వస్తున్నాయి.

ఒకటి, నేటి హీబ్రూలో మకాఫ్ ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ అనవసరం? "బేత్ సేఫెర్" (బడి) లాంటి జంట పదాల మధ్య పెట్టాలా?

రెండు, హైఫన్లన్నీ ఒకేసారి మకాఫ్‌లుగా మార్చి చూస్తే ఫోన్ నంబర్లు, తేదీలు తిరగబడ్డాయి. ఎందుకు?

మూడు, తెలుగు వాక్యం మధ్యలో హీబ్రూ పదం రాసి దానికి "లో", "కి" తగిలిస్తే గీత ఎక్కడికో ఎగిరిపోతోంది.

నాలుగు, కీబోర్డు మీద ఇది ఎక్కడుంది? ప్రతిసారీ సింబల్ పెట్టె తెరిచి వెతకడం అయ్యే పని కాదు.

జవాబు: నిక్కుద్‌ప్రియ

మొదటి ప్రశ్న వరకు చెప్తాను. బైబిల్ వచనాలను, నేటి హీబ్రూను విడివిడిగా చూడండి. వాటి నియమాలు ఒకటి కావు.

బైబిల్ పాఠంలో మకాఫ్ పెట్టాలా వద్దా అన్నది మన చేతిలో లేదు. అది స్వరపఠన గుర్తుల వ్యవస్థలో భాగం. మకాఫ్‌తో కలిసిన పదాలన్నీ ఒకే పదంలా ఒకే ఊనికతో పలుకుతాయి, ఆ ఊనిక చివరి పదానికి చెందుతుంది. ముందున్న పదం ఊనిక పోగొట్టుకుంటుంది కాబట్టి దాని అచ్చు కుదించుకుపోతుంది. ఆదికాండం 1:1లో "ఏత్ హష్షామాయిమ్" అన్నచోట మకాఫ్ లేదు, అక్కడి అచ్చు త్సేరే, అంటే ఏ గుర్తు. అదే 1:4లో "ఎత్-హాఓర్" అన్నచోట మకాఫ్ ఉంది, అచ్చు ఎ గుర్తు అయిన సెగోల్‌కు మారింది. తెలుగులో ఏత్వం, ఎత్వం వేరుగా రాస్తాం కాబట్టి పాఠంలో ఈ తేడా చూపించడం మనకు తేలిక. నేటి ఉచ్చారణలో మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి.

"కోల్" ఇంకా ముఖ్యం. విడిగా ఉన్నప్పుడు దానికి హోలమ్, అంటే ఓ గుర్తు, ఉంటుంది. మకాఫ్‌తో తర్వాతి పదానికి అతుక్కుంటే మామూలుగా "ఆ"గా పలికే కామత్స్ గుర్తు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ గుర్తు చూసి "కాల్" అని చదివేస్తారు. అది చిన్న కామత్స్, "కొల్" అనే పలకాలి. మకాఫ్ తీసేసి అచ్చు గుర్తును అలాగే ఉంచితే, అలా పలకాలని చెప్పే ఆనవాలు కూడా పోతుంది. ఆదికాండం 12:20 చివర "వెఎత్-కొల్-అషెర్-లో" అని నాలుగు పదాలు మూడు మకాఫ్‌లతో ఒకే గొలుసుగా ఉంటాయి. పొడవుగా ఉంది కదా అని విడగొట్టకండి. ఒక రాతప్రతికీ ఇంకో రాతప్రతికీ మధ్య మకాఫ్‌లలో అక్కడక్కడా తేడాలు ఉంటాయి. 1008 నాటి లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ అనే రాతప్రతి పాఠాన్ని తీసుకుంటే చివరిదాకా దాన్నే అనుసరించండి. ఒక్కో వచనం ఒక్కో చోటి నుంచి కాపీ చేస్తే పొంతన కుదరదు.

నేటి హీబ్రూకు వస్తే, హీబ్రూ భాషా అకాడమీ విరామచిహ్నాల నియమాలు ఉన్నాయి. రోజూ అవసరపడేవి ఇవి.

ముందు తగిలే ఒంటి అక్షరాలు, అంటే బె, లె, మి, హ, వె, కె, షె, హీబ్రూ పదానికి నేరుగా అతుక్కుంటాయి. మధ్యలో ఏ గుర్తూ రాదు. వాటి తర్వాత అంకె వచ్చినా, లాటిన్ లిపిలో పదం వచ్చినా మకాఫ్ కావాలి. "హమేఆ హా-20" అంటే ఇరవయ్యో శతాబ్దం, "ష్నోత్ హా-60" అంటే అరవైల దశకం. ఇలాంటి చోట్ల మకాఫ్ వదిలేస్తే అక్షరం, అంకె ముద్దయిపోయి కన్ను తడబడుతుంది. తర్వాత వచ్చేది కొటేషన్ గుర్తు అయితే మకాఫ్ అక్కర్లేదు. "బె" పెట్టి వెంటనే కొటేషన్ తెరిచి పత్రిక పేరు రాసేయొచ్చు.

రెండు విశేషణాలు జతపడినప్పుడు మకాఫ్ ఉంటుంది. "త్స్ఫోన్-మిజ్రహి" అంటే ఈశాన్యపు, "హెవ్రాతి-కల్కలి" అంటే సామాజిక ఆర్థిక. "ఈ-", "అల్-", "తత్-" లాంటి, పదం ముందు చేరే ముక్కల తర్వాత కూడా పెడతారు. "ఈ-ఎఫ్షర్" అందుకు మంచి ఉదాహరణ. "బెన్-గురియోన్" లాంటి పేర్లలో సరేసరి.

"బేత్ సేఫెర్", "ఓరేఖ్ దిన్" లాంటి సంబంధార్థక జంటలకు మామూలుగా ఖాళీ చాలు. జనం విరివిగా గీత పెడతారు, చదివేవాళ్లు తప్పు పట్టరు. అయినా పాఠ్యపుస్తకంలో ఖాళీయే మేలు. లేకపోతే ప్రతి జంటకూ గీత ఉండాలేమో అని విద్యార్థి అనుకుంటాడు. "బేన్లెఉమి" లాంటివి గీత కూడా వదిలేసి ఒకే పదంగా స్థిరపడ్డాయి.

మకాఫ్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఖాళీలతో వచ్చేది వేరే గుర్తు, కావ్ మఫ్రీద్. అది పొడుగు గీత, వాక్యంలో భాగాలను విడదీస్తుంది. మకాఫ్ కలుపుతుంది. మీ ఫైళ్లలో ఖాళీ, హైఫన్, ఖాళీ ఈ వరుసలో కనిపించిన ప్రతి చోటూ రావలసింది కావ్ మఫ్రీద్. దాన్ని మకాఫ్‌గా మార్చకండి.

జవాబు: ద్విదిశ

రెండు, మూడు ప్రశ్నలకు మూలం ఒక్కటే. మకాఫ్ అంటే కాస్త పైకి జరిపిన హైఫన్ అనుకుంటే దెబ్బతింటాం. కుడి-ఎడమ, ఎడమ-కుడి లిపులు కలిసినచోట వరుసను తేల్చే యూనికోడ్ ద్విదిశ నియమాల్లో మకాఫ్‌కు హీబ్రూ అక్షరంతో సమానమైన బలం ఉంది. అది గట్టిగా కుడి నుంచి ఎడమకు నడిచే గుర్తు. కీబోర్డు హైఫన్‌కు సొంత దిశ లేదు. అటూ ఇటూ అంకెలుంటే అంకెల్లో కలిసిపోతుంది, లేకపోతే పక్కవాటిని బట్టి నడుచుకుంటుంది.

ఇప్పుడు ఫోన్ నంబరు చూడండి. 03 తర్వాత హైఫన్, తర్వాత ఏడంకెలు ఉన్నాయనుకుందాం. హైఫన్ రెండు అంకెల గుంపుల మధ్య ఉంది కాబట్టి మొత్తం ఒకే సంఖ్యలా ఎడమ నుంచి కుడికి నిలుస్తుంది. ఆ హైఫన్ స్థానంలో మకాఫ్ పెట్టగానే అది ఒక్క సంఖ్య కాకుండా పోతుంది. మధ్యలో హీబ్రూ అక్షరం వచ్చినట్టే లెక్క. హీబ్రూ పేరాలో 03 కుడివైపుకు, ఏడంకెలు ఎడమవైపుకు వెళ్తాయి. 2024-05-06 లాంటి తేదీలో మూడు ముక్కలూ తిరగబడతాయి. ఫైల్ పేర్లు, లింకులు, ఈమెయిల్ చిరునామాల్లో అయితే గుర్తు మారగానే అసలు పనిచేయవు.

"5 నుంచి 10 పేజీలు" లాంటి వ్యవధులకు మకాఫ్, హైఫన్ రెండూ వద్దు. హైఫన్ కన్నా కాస్త పొడవైన ఎన్ డాష్ వాడండి, దాని యూనికోడ్ దశాంశ సంఖ్య 8211. హైఫన్ పెడితే హీబ్రూ పేరాలో కూడా 5 ఎడమన, 10 కుడిన ఉంటాయి. కుడి నుంచి చదివేవాడికి ముందు 10 తగులుతుంది. ఎన్ డాష్ అంకెలను కలిపి ఒకే సంఖ్య చేయదు కాబట్టి 5 కుడిన, 10 ఎడమన వస్తాయి. మకాఫ్‌తోనూ ఇదే వరుస వస్తుంది. కానీ అది పైన వేలాడే గీత, అంకెల మధ్య ఎబ్బెట్టుగా ఉంటుంది.

"హా-20" విషయంలో ఇప్పటి ప్రోగ్రాముల్లో హైఫన్ పెట్టినా, మకాఫ్ పెట్టినా వరుస ఒకటే. తేడా చూపులోనే. పాత ప్రోగ్రాముల్లో అలా కాదు. హైఫన్ అంకెతో పాటు ఎడమ కొసకు పోయి, మైనస్ 20 అన్నట్టు కనిపించేది. 2004లో వచ్చిన యూనికోడ్ 4.0.1 హైఫన్ వర్గాన్ని మార్చింది, అప్పటి నుంచి అది అక్షరానికీ అంకెకూ మధ్యన నిలుస్తోంది. పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే ఫైళ్లకు మకాఫ్ పెట్టడం ఇందుకే క్షేమం, అది ఎక్కడా జరగదు. ఈ మార్పుకు ఒక మూల్యం ఉంది. నిజంగా మైనస్ 5 రాయాల్సి వస్తే హీబ్రూ పేరాలో మైనస్ అంకెకు కుడివైపున పడుతుంది. మైనస్ ముందు ఎడమ-కుడి గుర్తు పెడితే సర్దుకుంటుంది. అది కంటికి కనపడని అక్షరం, దశాంశం 8206. "బె" తర్వాత మైనస్ 5 రావాలంటే బె, మకాఫ్, 8206, మైనస్, 5 వరుసగా టైప్ చేయాలి.

ఇక మూడో ప్రశ్న. తెలుగు పేరా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అందులో ఒక హీబ్రూ పదం, దానికి మకాఫ్, ఆ తర్వాత "లో" పెట్టారు. మకాఫ్ హీబ్రూ ముక్కలో భాగం కాబట్టి ఆ ముక్కకు "చివర" చేరుతుంది. హీబ్రూకు చివర అంటే ఎడమ కొస. "లో" మాత్రం తెలుగు కాబట్టి కుడి కొసన ఉంటుంది. గీత ఒక పక్క, ప్రత్యయం ఇంకో పక్క. ఇక్కడ మామూలు హైఫనే పెట్టాలి. హీబ్రూకు తెలుగుకు మధ్య ఉన్న హైఫన్ పేరా దిశను తీసుకుంటుంది, సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. తెలుగు ప్రత్యయం, విభక్తి, "అనే", "అంటే" వీటి ముందు మకాఫ్ ఎప్పుడూ వద్దు.

లాటిన్ పదం ముందు "లె" పెట్టి మకాఫ్ తగిలించినా ఇదే గొడవ. హీబ్రూ పేరాలో బాగానే ఉంటుంది, తెలుగు పేరాలో పెడితే మకాఫ్ తప్పు పక్కకు పోతుంది. అప్పుడు గుర్తు మార్చడం కాదు, ఆ ముక్క మొత్తాన్ని కుడి-ఎడమ దిశలో చుట్టాలి. వెబ్‌లో స్పాన్ ట్యాగ్‌కు డిర్ యాట్రిబ్యూట్ ఇచ్చి విలువగా ఆర్‌టీఎల్ పెట్టండి. వర్డ్‌లో అయితే ఉదాహరణ వాక్యాన్ని వేరే పేరాగా తీసి ఆ పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చండి.

ఇంకొకటి కూడా మీకు తగులుతుంది. తెలుగు వాక్యంలో హీబ్రూలో గ్రంథం పేరు రాసి, పక్కన 12:20 అని వేస్తే ఆ అంకెలు హీబ్రూ పేరుకు ఎడమవైపుకు దూకుతాయి. పేరు తర్వాత 8206 ఒకటి పెట్టండి, అంకెలు కుడివైపునే ఉంటాయి.

జవాబు: కీబోర్డుపలక

టైపింగ్ సంగతి.

విండోస్ 8 నుంచి "హీబ్రూ స్టాండర్డ్" అని ఒక లేఅవుట్ ఉంది. ఇజ్రాయెల్ ప్రమాణం ఎస్ఐ 1452ను అనుసరిస్తుంది. దాన్ని ఎంచుకుంటే కుడి ఆల్ట్ పట్టుకుని హైఫన్ మీట నొక్కగానే మకాఫ్ పడుతుంది. ఉత్త "హీబ్రూ" అని ఉన్న పాత లేఅవుట్‌తో దీన్ని కలపకండి, పేర్లు పక్కపక్కనే ఉంటాయి. లినక్స్‌లో ఇజ్రాయెల్ లేఅవుట్‌కూ అదే జత, కుడి ఆల్ట్, హైఫన్.

లేఅవుట్ మార్చడం కుదరకపోతే వర్డ్‌లో 05బీఈ అని నాలుగు అక్షరాలు కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఇక్కడ చాలామంది పొరపడేది కీబోర్డు భాష దగ్గర. హీబ్రూ లేఅవుట్‌లో ఉండగా బీ, ఈ మీటలు నొక్కితే హీబ్రూ అక్షరాలు పడతాయి, మార్పు జరగదు. ముందు ఇంగ్లీషు లేఅవుట్‌కు వెళ్లాలి. వర్డ్‌లోనే ఆల్ట్ పట్టుకుని అంకెల ప్యాడ్ మీద 1470 కొట్టినా వస్తుంది, కానీ అన్ని ప్రోగ్రాముల్లో ఇది పనిచేయదు. వెబ్ పేజీ సోర్సులో ־ రాస్తే చాలు. రాతలో మకాఫ్‌లు ఎక్కువగా ఉంటే ఆటోకరెక్ట్‌లో రెండు హైఫన్లు కలిపి మకాఫ్‌గా మారేలా పెట్టొచ్చు. అలా చేస్తే వర్డ్ మామూలుగా రెండు హైఫన్లకు వేసే డాష్ ఇక రాదని గుర్తుంచుకోండి.

ఉన్న ఫైళ్లు మార్చడానికి ఒక్క దెబ్బతో అన్నీ మార్చే పద్ధతి వద్దు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (షరతులతో వెతికే నమూనా) వాడే ఎడిటర్‌లో షరతు ఇలా పెట్టండి: హైఫన్‌కు ముందు హీబ్రూ అక్షరం ఉండాలి, తర్వాత హీబ్రూ అక్షరం గానీ అంకె గానీ ఉండాలి. హీబ్రూ అక్షరాలంటే 1488 నుంచి 1514 వరకు. అచ్చు గుర్తులున్న పాఠమైతే హైఫన్‌కు ముందు అక్షరానికి బదులు గుర్తు ఉండొచ్చు, కాబట్టి ముందువైపు 1425 నుంచి 1469 వరకూ, వాటితో పాటు 1473, 1474 కూడా కలపాలి. అది వదిలేస్తే నిక్కుద్ (అచ్చు గుర్తులు) ఉన్న పదాల్లో కొన్ని మారక మిగిలిపోతాయి. ఈ షరతుతో ఫోన్ నంబర్లు, తేదీలు, లింకులు దాదాపుగా తప్పించుకుంటాయి, వాటిలో హైఫన్‌కు ముందు ఉండేది అంకో లాటిన్ అక్షరమో కదా.

వర్డ్‌లో ఎన్ని మకాఫ్‌లు ఉన్నాయో చూడాలంటే వెతుకు పెట్టెలో క్యారెట్ గుర్తు, దాని వెంట చిన్న బడి యూ, దాని వెంట 1470 కొట్టండి. మార్పు పెట్టెలో ఈ సంకేతం పనిచేయదు, అక్కడ అసలు మకాఫ్‌నే అతికించాలి.

ప్రశ్న కొనసాగింపు: వలిపుట

తెలుగు ప్రత్యయం ముందు హైఫన్ పెట్టి చూశాను, సరిపోయింది. ఇంకో రెండు సందేహాలు. పాఠంలో ఒక పేజీ అచ్చు గుర్తులతో, అదే పేజీ అవి లేకుండా కూడా కావాలి. గుర్తులు తీసే చిన్న స్క్రిప్టు నడిపితే "ఎత్-హాఓర్" రెండు పదాలూ ఖాళీ లేకుండా కలిసిపోయాయి. పైగా సైట్ వెతుకులాటలో హైఫన్‌తో కొడితే మకాఫ్ ఉన్నవి రావడం లేదు.

జవాబు: ద్విదిశ

స్క్రిప్టు 1425 నుంచి 1479 వరకు మొత్తం తుడిచేస్తోంది, ఖాయం. నెట్‌లో దొరికే చాలా కోడ్ తునకల్లో ఈ దోషం ఉంది. మకాఫ్ 1470, సరిగ్గా ఆ గుర్తుల నడిమధ్యన కూర్చుంది. దాని పక్కనే 1469 మెతెగ్, 1471 రాఫె. ఆ రెండూ అక్షరానికి అంటుకునే గుర్తులు, మకాఫ్ మాత్రం స్వతంత్ర విరామచిహ్నం. 1472 పాసేక్, 1475 సోఫ్ పాసూక్, 1478 తలకిందుల నూన్ కూడా విరామచిహ్నాలే.

తీయాల్సినవి 1425 నుంచి 1469, తర్వాత 1471, 1473, 1474, 1476, 1477, 1479. సంఖ్యలు రాయడం కన్నా యూనికోడ్ వర్గంతో వడకట్టడం మేలు. ఎంఎన్ వర్గంలో, అంటే అక్షరానికి అంటుకునే గుర్తుల వర్గంలో, ఉన్నవి తీసేయండి. మకాఫ్ పీడీ (గీతల) వర్గం కాబట్టి ఉండిపోతుంది. ఒకవేళ గుర్తులు లేని పేజీలో మకాఫ్ కూడా వద్దనుకుంటే ముందుగా దాన్ని ఖాళీగా మార్చి, తర్వాతే గుర్తులు తీయండి. నిక్కుద్ లేని బైబిల్ పాఠంలో నా ఓటు మకాఫ్ ఉంచడానికే.

వెతుకులాటకు యూనికోడ్ ప్రామాణిక సాధారణీకరణ, అంటే సమానమైన అక్షరాలను ఒకే రూపానికి తేవడం, సాయపడదు. ఎన్ఎఫ్‌కేసీ అనే ఆ పద్ధతి నడిపినా మకాఫ్ హైఫన్‌గా మారదు, యూనికోడ్‌లో ఆ రెంటికీ లంకె లేదు. సూచీ తయారు చేసేటప్పుడు మకాఫ్, హైఫన్, ఎన్ డాష్ మూడింటినీ ఖాళీగా మార్చి, వాడుకరి కొట్టిన మాటకూ అదే మార్పు చేయండి. చూపించే పాఠాన్ని ముట్టుకోవద్దు, సూచీలో మాత్రమే. ఫోన్ నంబర్లుండే ఫీల్డులుంటే వాటిని ఈ మార్పు నుంచి తప్పించండి.

జవాబు: అచ్చుకూర్పు

అచ్చు వైపు నుంచి రెండు మాటలు. పంక్తి చివర "హా-" ఉండి 20 కింది పంక్తికి పోతే చదవలేం. యూనికోడ్ పంక్తి విరుపు నియమాల ప్రకారం హీబ్రూ అక్షరం, మకాఫ్, ఆ తర్వాత హీబ్రూ కానిది వస్తే అక్కడ విరవకూడదు. అన్ని ప్రోగ్రాములూ దాన్ని పాటించవు. వెబ్‌లో ఆ ముక్కను స్పాన్‌లో పెట్టి వైట్-స్పేస్‌కు నోరాప్ ఇవ్వండి. వర్డ్ జాయినర్ అనే కనపడని అక్షరం కూడా ఉంది, 8288. కొన్ని ఫాంట్లలో అది చిన్న డబ్బాగా బయటపడుతుంది, కాబట్టి వాడేముందు పీడీఎఫ్ తీసి చూసుకోండి.

రెండోది ఫాంట్. తెలుగు ఫాంట్లలో మకాఫ్ ఉండదు, హీబ్రూ ముక్కకు వేరే ఫాంట్ ఇస్తారు కదా. మకాఫ్‌ను కూడా ఆ ఫాంట్ పరిధిలోకే తీసుకోండి. స్టైల్ అక్షరాలకు మాత్రమే తగిలి మకాఫ్ బయట మిగిలిపోతే ఇంకో ఫాంట్ నుంచి అరువొచ్చిన గీత పడుతుంది, ఎత్తూ మందమూ పొసగవు. ఫాంట్‌ను పరీక్షించడానికి "కొల్-అషెర్" నిక్కుద్‌తో కొట్టి 200 శాతానికి పెంచి చూడండి. గీత పైఅంచు లామెద్ మెడకు కాకుండా ఆలెఫ్, షీన్ లాంటి మామూలు అక్షరాల నెత్తికి సరిపోవాలి. లామెద్ మిగతావాటికన్నా పైకి లేస్తుంది కాబట్టి దాని పక్కన గీత కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది, అది లోపం కాదు.

పాత పేజీలు కాపీ చేసి తెస్తుంటే ఎన్‌కోడింగ్ కూడా చూడండి. ఐఎస్ఓ 8859-8లో మకాఫ్‌కు చోటే లేదు, నిక్కుద్‌కూ లేదు. ఆ కాలపు పేజీల్లో హైఫన్ కనిపిస్తే అది రాసినవాళ్ల ఎంపిక కాకపోవచ్చు. విండోస్-1255లో మాత్రం రెండూ ఉన్నాయి. దాని నుంచి యూటీఎఫ్-8కు మార్చేటప్పుడు మూలాన్ని పొరపాటున 8859-8 అని ప్రకటిస్తే మకాఫ్‌లు, అచ్చు గుర్తులు రాలిపోయో చెత్తగా మారో వస్తాయి, అక్షరాలు మాత్రం క్షేమంగా ఉంటాయి. అందుకే పైపైన చూస్తే ఫైలు బాగున్నట్టే ఉంటుంది. మార్చిన వెంటనే 1470లు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టి, మూలంలోని లెక్కతో పోల్చండి.